అవధానభేదం - కవిస్వభావం: నాడీవైవిధ్యం వెలుగులో కావ్యరచనా ప్రక్రియ

ప్రస్తావన

తెలుగు సాహిత్య సంప్రదాయంలో 'అవధానం' గౌరవవాచకం. అష్టావధాని, శతావధాని అన్న బిరుదులు పండితుని పేరుకు తోడై ఆయన ధారకు, ధారణకు సాక్ష్యం పలుకుతాయి. తెలుగులో మనోవిజ్ఞాన గ్రంథాలు రచించినవారు ఈ మాటనే ఆంగ్లంలోని 'అటెన్షన్'కు పర్యాయంగా స్వీకరించారు. అందువల్లనే వైద్యులు ఏడీహెచ్‌డీ అని వ్యవహరించే స్థితికి తెలుగులో 'అవధాన లోపం' అనే పేరు ఏర్పడింది. ఒకే మాట ఒకచోట కవికి బిరుదమైంది. మరొకచోట విద్యార్థికి లోపనిర్దేశమైంది. ఈ రెండు ప్రయోగాల నడుమ ఉన్న దూరాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రాచ్య కళాశాలలో ఛందస్సు బోధించే ఉపాధ్యాయునికి ఇది అనుభవంలోని విషయమే. గణవిభజనను నోటితో తడుముకోకుండా చెప్పి, రాయమంటే అక్షరాలను తారుమారు చేసే విద్యార్థి. ఒక్క పద్యం కోసం రాత్రంతా కూర్చోగలిగి, మర్నాడు తరగతిలో పది నిమిషాలు కుదురుగా ఉండలేని విద్యార్థి. ఒక ప్రబంధంలోని పద్యాలన్నీ అప్పగించి, పక్కనున్న సహాధ్యాయితో రెండు మాటలు కలపలేని విద్యార్థి - ఏదో ఒక సంవత్సరం ఏదో ఒక తరగతిలో కనిపిస్తూనే ఉంటారు. ఇటువంటివారిని మందబుద్ధులని తోసిపుచ్చడమో, దైవదత్తమైన ప్రజ్ఞ కలవారని ఆకాశానికెత్తడమో పరిపాటి. ఈ రెండూ వారికి మేలు చేయవు. కావ్యహేతువులను గూర్చి సంస్కృతాలంకారికులు చేసిన చర్చలో ఈ రెండింటికి భిన్నమైన మూడవ మార్గం ఉన్నది. ఆ మార్గాన్ని ఆధునిక విజ్ఞానంతో సరిపోల్చి చూడడం నేటి బోధకులకు అవసరం.

పరిభాషా వివరణ

మానవుల మెదళ్లన్నీ ఒకే తీరున పనిచేయవనీ, ఆ భేదం సహజమైనదనీ చెప్పే భావనకు 'న్యూరోడైవర్సిటీ' అని పేరు. తెలుగులో దీనిని 'నాడీవైవిధ్యం' అనవచ్చు. ఆటిజం గల వ్యక్తులు 1990లలో తమలో తాము జరుపుకొన్న చర్చలలో ఈ భావన రూపుదిద్దుకొన్నది. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ పరిశోధన వ్యాసంలోనూ, అదే సంవత్సరం అమెరికాలో హార్వీ బ్లూమ్ పత్రికా వ్యాసంలోనూ ఈ మాట గ్రంథస్థమైంది. అధికసంఖ్యాకుల తీరుకు భిన్నంగా మెదడు పనిచేసే వ్యక్తి స్థితిని సూచించే 'న్యూరోడైవర్జెన్స్' - నాడీభిన్నత - అన్న మాట ఆ తరువాత, 2000 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది.

ఇది వ్యాధినామం కాదు. వేర్వేరు స్థితులను కలిపి చెప్పే సామాన్యసంజ్ఞ. ఆటిజం, ఏడీహెచ్‌డీ, చదవడంలో క్లేశం కలిగించే డిస్‌లెక్సియా, రాయడంలో క్లేశం కలిగించే డిస్‌గ్రాఫియా మొదలైనవి దీని పరిధిలోకి వస్తాయి. వీటి పరిచయం వైద్యశాస్త్రానికి కొత్తది కాదు. డిస్‌లెక్సియా అన్న పేరును జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో ప్రయోగించాడు. తెలివితేటలలో లోపం లేకున్నా చదవలేకపోతున్న ఒక బాలుని స్థితిని ఆంగ్ల వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ 1896లో వర్ణించాడు. ఆటిజాన్ని లియో కానర్ 1943లోనూ, హాన్స్ ఆస్పెర్గర్ 1944లోనూ వివరించారు. అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో 'అవధాన లోపం' అనే పేరు 1980లో చేరింది.

ఇక్కడ ఒక నియమం పాటించవలసి ఉన్నది. గతించిన కవుల జీవితాలలోని చాటువులను, ఐతిహ్యాలను ఆధారం చేసుకొని వారికి ఈ స్థితులను ఆపాదించడం శాస్త్రసమ్మతం కాదు. అందువల్ల ఈ వ్యాసం ఏ ప్రాచీన కవికీ వైద్యనిర్ధారణ చేయదు. ప్రాచీనులు రచనా ప్రక్రియను గూర్చి చెప్పిన మాటలనే పరిశీలిస్తుంది.

'అవధానం' - రెండు అర్థాలు

వామనుడు కావ్యాలంకారసూత్రవృత్తిలో కావ్యాంగాలను లోకం, విద్య, ప్రకీర్ణం అని మూడుగా విభజించాడు. ప్రకీర్ణంలో ఆరు చేరాయి: లక్ష్యజ్ఞత్వం, అభియోగం, వృద్ధసేవ, అవేక్షణం, ప్రతిభానం, అవధానం. వీటిలో చివరిదైన అవధానానికి ఆయన చెప్పిన అర్థం చిత్తం ఏకాగ్రం కావడం. బాహ్యవిషయాల నుండి మరలిన మనస్సే కావ్యార్థాలను చూడగలుగుతుందని ఆయన ఆశయం.

తెలుగువారి అష్టావధానం ఇందుకు పూర్తిగా ఎదురుదిక్కున ఉన్నది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, పురాణపఠనం, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం మొదలైన అంశాలతో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి అవధాని చిత్తాన్ని లాగుతారు. అంశాల ఎంపికలో సభను బట్టి మార్పులుంటాయి. అవధాని ఒక్కొక్క పృచ్ఛకునికి ఆవృత్తానికొక పాదం చొప్పున పద్యాన్ని పూరిస్తూ, చివర వాటిని ధారణ చేస్తాడు. వామనుని అవధానం ఒకే బిందువుపై నిలుస్తుంది. అష్టావధానం ఎనిమిది బిందువుల నడుమ తిరుగుతుంది. పైగా అప్రస్తుత ప్రసంగి చేసే పని చిత్తవిక్షేపమే. చిత్తవిక్షేపాన్ని కళ వెలుపలికి నెట్టకుండా, దానికొక ఆసనం వేసి సభలో కూర్చుండబెట్టడం తెలుగువారి ప్రత్యేకత.

ఒకే శబ్దం ఇట్లా రెండు వ్యతిరేక మనోవ్యాపారాలను చెప్పడం అవధానం ఏకరూపం కాదనడానికి నిదర్శనం. ఆధునిక పరిశోధనలు కూడా ఈ దిశగానే సాగాయి. దీనా మర్రే, మైక్ లెసర్, వెండీ లాసన్ అనే ముగ్గురు 2005లో ప్రకటించిన వ్యాసంలో ఆటిజాన్ని అవధానపు పంపకంలోని విశేషంగా వివరించారు. వారి సిద్ధాంతం ప్రకారం ఆటిజం గల వ్యక్తి అవధానం కొద్ది విషయాలపైనే గాఢంగా కేంద్రీకృతమవుతుంది. ఆ విషయం నుండి మరొకదానికి మరలడం అతనికి క్లేశకరం. ఏడీహెచ్‌డీ విషయంలో 'లోపం' అన్న పేరు పూర్తిగా తగినది కాదని అనేక మానసిక శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ స్థితి గలవారికి ఇష్టమైన విషయంపై గంటల తరబడి చిత్తం నిలవగలదు. ఇష్టంలేని పనిపై, కోరిన సమయంలో, కోరినంతసేపు దానిని నిలుపుకోవడమే కష్టం. అంటే చిక్కు అవధానపు పరిమాణంలో కన్నా దాని నియంత్రణలో ఎక్కువగా ఉన్నది. ఈ కారణంగా 'అవధాన లోపం' కన్నా 'అవధాన భేదం' అన్న మాట వస్తుస్థితికి దగ్గరగా ఉంటుంది.

ఛందస్సు: ధారణకు ఊతకర్ర

అష్టావధానంలో జరిగే పనిని నిశితంగా గమనిస్తే, ఎనిమిది పనులు ఒకే క్షణాన జరగవని తెలుస్తుంది. ఒక పని నుండి మరొక పనికి చిత్తం త్వరగా మరలడం, విడిచిన పనిని విడిచినచోటనే అందుకోవడం అందులోని రహస్యం. తక్షణ స్మృతి పరిధి చాలా పరిమితమైనది. జార్జ్ మిల్లర్ 1956లో దానిని ఏడు అంశాలకు కొంచెం అటూ ఇటూగా లెక్కించగా, నెల్సన్ కోవన్ 2001లో నాలుగు అంశాల దాకా తగ్గించాడు. మరి అవధాని అన్ని పాదాలను ఎట్లా నిలుపుకొంటున్నాడు?

దీనికి సమాధానంలో పెద్ద పాలు ఛందస్సుదే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. మత్తేభానికి 20 అక్షరాలు, యతి 14వ అక్షరం. శార్దూలానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం. ప్రాస ఏదో తెలిస్తే ప్రతిపాదంలోనూ రెండవ అక్షరం ముందే నిర్ణీతం. పాదాద్యక్షరం తెలిస్తే యతిస్థానంలో రాదగిన వర్ణాలు కొద్దిపాటివే. ఇన్ని నియమాలు కలిసి మరచిన మాటను వెదికే క్షేత్రాన్ని కుదించివేస్తాయి. అమెరికన్ మనోవిజ్ఞానశాస్త్రజ్ఞుడు డేవిడ్ రూబిన్ 1995లో మౌఖిక సంప్రదాయాలలోని స్మృతిని గూర్చి వెలువరించిన గ్రంథంలో లయ, ధ్వనిసామ్యం, అర్థం అనే మూడు నియమాలు కలిసి పనిచేయడం వల్లనే దీర్ఘరచనలు తరతరాలు నిలిచాయని నిరూపించాడు. తెలుగు పద్యం ఆ సూత్రానికి చక్కని లక్ష్యం.

ఇందువల్ల ఒక అనుమితి సిద్ధిస్తుంది. చిత్తం చెదిరిపోయే స్వభావం గల విద్యార్థికి ఛందోనియమం సంకెల అనుకోనవసరం లేదు. వచనంలో ఎక్కడికైనా పోగలిగిన ఆలోచనను పద్యం అడుగడుగునా పట్టి నిలుపుతుంది. అయితే అందరికీ అట్లాగే జరుగుతుందని చెప్పడానికి వీలు లేదు. నియమాన్ని చూచి జంకే స్వభావాలూ ఉన్నాయి. ఈ విచారణ కుంతకుని వద్దకు తీసుకొనిపోతుంది.

కుంతకుని స్వభావవాదం

కావ్యహేతువులను గూర్చి ఆలంకారికులలో భేదాభిప్రాయాలున్నాయి. దండి నైసర్గిక ప్రతిభ, నిర్మల శాస్త్రజ్ఞానం, ఎడతెగని అభియోగం అనే మూడింటినీ పేర్కొని, పుట్టుకతో వచ్చిన ప్రతిభ లేకపోయినా శ్రుతయత్నాలతో ఉపాసించినవానిని వాగ్దేవి కొంతైనా అనుగ్రహిస్తుందని ఊరట పలికాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం విడివిడిగా మూడు హేతువులు కావనీ, మూడూ కలిసి ఒకే హేతువనీ నిర్ణయించాడు. జగన్నాథ పండితరాయలు ప్రతిభ ఒక్కటే హేతువని, ఆ ప్రతిభ కలగడానికి మాత్రం దారులు వేరువేరని వాదించాడు.

కుంతకుడు వక్రోక్తిజీవితంలో ఈ చర్చను మరొక మలుపు తిప్పాడు. వైదర్భి, గౌడి మొదలైన దేశవాచకాలతో రీతులను విభజించడం యుక్తం కాదన్నాడు. ఒక దేశంలో పుట్టినంతమాత్రాన అందరూ ఒకే తీరున రచించరు. రచనామార్గానికి మూలం కవిస్వభావం. సుకుమార స్వభావుడైన కవికి అందుకు తగిన శక్తి సహజంగా ఏర్పడుతుంది. శక్తికీ శక్తిమంతునికీ భేదం లేదు. ఆ శక్తిని అనుసరించి తగిన వ్యుత్పత్తి, ఆ రెంటినీ అనుసరించి తగిన అభ్యాసం కలుగుతాయి. విచిత్ర స్వభావునికి, ఉభయాత్మకమైన మధ్యమ స్వభావునికి కూడా ఇదే క్రమం. స్వభావాలు అనంతమైనా, వాటిని లెక్కించడం సాధ్యం కాదు గనుక మూడుగా వర్గీకరించినట్లు కుంతకుడే చెప్పాడు. ఈ మూడింటిలో ఒకటి ఉత్తమం, మరొకటి అధమం అనడం ఆయనకు సమ్మతం కాదు.

నాడీవైవిధ్య భావనతో దీనికి గల సామ్యం స్పష్టం. స్వభావభేదం లోపం కాదు. అదే సిద్ధి కూడా కాదు. అది ప్రారంభబిందువు. స్వభావానికి తగిన వ్యుత్పత్తి, అభ్యాసాలు సమకూరినప్పుడే మార్గం ఏర్పడుతుంది. ఒకరికి తగిన అభ్యాసాన్ని మరొకరిపై రుద్దితే శక్తి ఉండి కూడా వ్యర్థమవుతుంది. అయితే కుంతకుడు మాట్లాడింది కావ్యశైలిని గూర్చి, వైద్యులు మాట్లాడుతున్నది నాడీవ్యవస్థను గూర్చి. రెండింటినీ ఒకటిగా భావించరాదు. వాదనాక్రమంలోని పోలిక మాత్రమే ఇక్కడ గ్రాహ్యం.

దేహేంద్రియాల తీరు వేరైనంతమాత్రాన కవిత్వశక్తి ఉండదనే భావాన్ని రాజశేఖరుడు కావ్యమీమాంసలో నేరుగా ఖండించాడు. ప్రతిభ లేనివానికి ఎదుట ఉన్న పదార్థం కూడా పరోక్షమే. ప్రతిభ కలవానికి చూడనిది కూడా ప్రత్యక్షమే అని చెప్పి, అందుకు దృష్టాంతంగా జాత్యంధులని ప్రసిద్ధికెక్కిన మేధావిరుద్ర, కుమారదాసాది కవులను పేర్కొన్నాడు. ఆ ప్రసిద్ధిలోని చారిత్రకత ఎంత అన్నది వేరే విషయం. ఆ దృష్టాంతం శాస్త్రగ్రంథంలో స్థానం పొందడమే ప్రధానం.

దేశకాలాలు: అమీర్‌పేట, పంజాగుట్ట

అవధానం దేశకాలాల వల్ల సిద్ధిస్తుందని వామనుడు చెప్పాడు. దేశమంటే ఏకాంతస్థలం, కాలమంటే రాత్రి నాలుగవ జాము. రాజశేఖరుడు కవిచర్యా ప్రకరణంలో ఇంకా ముందుకు వెళ్లి, రచనలో అలసిన కవికి జనసంచారం లేని చోటు గాని, ఆజ్ఞానుసారం మౌనం వహించే పరిజనం గాని ఉండాలన్నాడు. పలక, సుద్ద, లేఖిని, సిరాబుడ్డి, తాళపత్రాలు మొదలైనవి ఎల్లప్పుడూ చేరువలో ఉండవలెనని కూడా చెప్పాడు. స్ఫురించినది చెదరిపోకముందే పట్టి ఉంచుకోవడం ప్రాచీన కవికి కూడా సమస్యే అయినట్లు ఈ ఏర్పాటు తెలుపుతున్నది.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేటలో ఈ దేశకాలాలను వెదకడం మంచి పరీక్ష. 1990ల నుండి కంప్యూటర్ శిక్షణ సంస్థలకు, వాటి వెంట వసతిగృహాలకు నెలవైన ప్రాంతమది. మైత్రీవనం పరిసరాలలో గోడలన్నీ ప్రకటన ఫలకాలే. 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైన తరువాత రెండు మార్గాలు ఒకదానిపై ఒకటిగా కలిసే కూడలి స్టేషన్ కూడా ఇక్కడే వెలసింది. పక్కనే ఉన్న పంజాగుట్ట చౌరస్తాలో వాహనాల రొద పగలంతా ఎడతెగదు. ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే వసతిగృహంలో చదువుకొనే సాహిత్య విద్యార్థికి వివిక్తదేశం దొరకదు. మెట్రో రైళ్లు కదలకముందు, టిఫిన్ బండ్లు తెరవకముందు ఉండే వేకువ జామే అతనికి మిగిలిన ఏకాంతం. వామనుడు చెప్పిన తురీయయామం ఇక్కడ శాస్త్రవాక్యంగానే కాక, దైనందిన అవసరంగా కూడా నిలుస్తున్నది.

ఈ రొద అందరినీ ఒకే తీరున బాధించదు. ఆటిజం గలవారిలో శబ్దం, వెలుగు, స్పర్శలకు అతిగా గాని, తక్కువగా గాని స్పందించే లక్షణం ఉండవచ్చునని 2013లో వెలువడిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదవ ముద్రణ గుర్తించింది. అటువంటి వ్యక్తికి చౌరస్తాలోని హారన్ మోత చిరాకు కలిగించడంతో ఆగక, దేహానికి తగిలిన దెబ్బతో సమానం కావచ్చు. మరొకవైపు, స్వీడన్‌లో గొరాన్ సోడర్‌లుండ్ బృందం 2007లో ప్రకటించిన పరిశోధనలో ఏడీహెచ్‌డీ గల పిల్లలు ఎడతెగని సమధ్వని వినిపిస్తున్నప్పుడు స్మృతిపరీక్షలో మెరుగ్గా రాణించినట్లు తేలింది. ఆ స్థితి లేని పిల్లల విషయంలో అదే ధ్వని ఆటంకమైంది. అంటే వామనుని ఏకాంతనియమం సార్వత్రికం కాదు. ఏ దేశకాలాలు అవధానానికి అనుకూలమో స్వభావమే నిర్ణయిస్తుంది. వామనుని సూత్రాన్ని కుంతకుని సిద్ధాంతంతో కలిపి చదవవలసిన అవసరం ఇక్కడ కనిపిస్తున్నది.

రాజశేఖరుడు ఈ సమన్వయానికి ముందే దారి వేశాడు. కాలాన్ని బట్టి ఆయన కవులను నాలుగు విధాలుగా చెప్పాడు. గుహాగర్భంలోనో భూగృహంలోనో చేరి నిష్ఠతో రచించేవాడు అసూర్యంపశ్యుడు. అంత నిష్ఠ లేకున్నా అభినివేశంతో రచించేవాడు నిషణ్ణుడు. సేవాదులకు భంగం రాకుండా మిగిలిన వేళల్లో రచించేవాడు దత్తావసరుడు. ఒక ప్రయోజనం ఏర్పడినప్పుడు రచించేవాడు ప్రాయోజనికుడు. అమీర్‌పేటలోనే 1950లలో వెలసిన సారథి స్టూడియో వంటి చోట్ల చిత్రసన్నివేశాన్ని, ముందే కట్టిన బాణీని, గడువును దృష్టిలో ఉంచుకొని పాట రాసే కవి ప్రాయోజనికుడే. కార్యాలయం నుండి ఇల్లు చేరేలోపు నాలుగు పాదాలు కూర్చుకొనే ఉద్యోగి దత్తావసరుడు. గడువు మీదపడినప్పుడే చిత్తం కుదిరే స్వభావం ఒకటి, గడువు మాటతోనే చెదిరిపోయే స్వభావం మరొకటి. ఇద్దరికీ ఒకే దినచర్యను విధించడం రాజశేఖరుని దృష్టిలో కూడా యుక్తం కాదు.

పంజాగుట్టలో జరిగిన ఒక పరిశోధన

భాషకూ అవధానానికీ గల సంబంధంపై ప్రపంచం గుర్తించిన ఒక పరిశోధన పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలోనే జరిగింది. ఆనాడు ఆ సంస్థ నాడీవైద్య విభాగంలో ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ మొదలైనవారు 648 మంది మతిమరపు వ్యాధిగ్రస్తుల వివరాలను పరిశీలించి, 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ఫలితాలను ప్రకటించారు. ఒక్క భాష మాత్రమే తెలిసినవారి కన్నా, రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడ్డాయి. అక్షరాస్యత లేనివారిలో కూడా ఈ భేదం కనిపించడం ఆ పరిశోధనలోని విశేషం. చదువు వల్ల కలిగిన ప్రయోజనమే ద్విభాషిత్వపు ప్రయోజనంగా కనిపించిందన్న ఆక్షేపణకు ఇది సమాధానమైంది.

మతిమరపు వ్యాధి వేరు, నాడీభిన్నత వేరు. అయినా ఈ ఫలితం ప్రస్తుత చర్చకు ఒక విధంగా ఉపకరిస్తుంది. తెలుగు, దక్కనీ, హిందీ, ఆంగ్లాల నడుమ రోజంతా మారుతూ ఉండే నగరవాసి ఒక భాషను అణచి మరొక భాషను పిలవవలసి ఉంటుంది. ఈ నిరంతర వ్యాపారం అవధాన నియంత్రణకు సాధన కావచ్చునని పరిశోధకులు భావించారు. ఇది పరిశీలనాత్మక అధ్యయనం కనుక కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా రుజువు చేయదు. అయినా అభ్యాసం మెదడును తాకుతుందన్న ఊహకు ఇది బలం చేకూర్చింది.

ఈ ఊహకు వేదాధ్యయనం నుండి కూడా ఒక లక్ష్యం దొరుకుతుంది. జేమ్స్ హార్ట్‌జెల్ బృందం భారతదేశంలో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను, వారితో పోల్చదగిన మరో 21 మంది మెదళ్లను చిత్రించి, భాషకు, స్మృతికి సంబంధించిన ప్రాంతాలలో నిర్మాణభేదాలున్నట్లు 2016లో ప్రకటించింది. ఆ భేదాలు అధ్యయనం వల్ల కలిగాయా, అటువంటి మెదడు గలవారే అధ్యయనంలో నిలిచారా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. శక్తి ముందా, అభ్యాసం ముందా అన్న ఆలంకారికుల ప్రశ్న ప్రయోగశాలలో కూడా ప్రశ్నగానే మిగిలింది.

అక్షరం, శ్రవణం

డిస్‌లెక్సియా గల విద్యార్థికి తెలుగు లిపి ప్రత్యేకమైన పరీక్ష. వర్ణమాలలోని అక్షరాలు యాభై పైచిలుకే అయినా, గుణింతాలు, ద్విత్వ సంయుక్తాక్షరాలు కలిస్తే గుర్తించవలసిన రూపాలు వందలలో ఉంటాయి. తెలుగు లిపికి సోదరలిపి అయిన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకొనే తీరుపై సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరరూపాలపై పట్టు సాధించడానికి ఆంగ్ల వర్ణమాల విషయంలో కన్నా చాలా ఎక్కువ కాలం పడుతుందని చూపింది. సాధారణ విద్యార్థికే ఇంత కాలం పడితే, డిస్‌లెక్సియా గలవానికి పట్టే కాలాన్ని ఊహించవచ్చు.

కాని పద్యం లిపిలో పుట్టలేదు. గురులఘువుల నిర్ణయం ఉచ్చారణకాలాన్ని బట్టి జరుగుతుంది గాని, అక్షరాకృతిని బట్టి కాదు. ద్రుతాన్ని, సంయుక్తానికి ముందున్న హ్రస్వం గురువు కావడాన్ని చెవితో పట్టుకోగల విద్యార్థి, కాగితంపై పొరపడినా ఛందస్సు తెలియనివాడు కాడు. అమెరికన్ కవి ఫిలిప్ షుల్ట్‌జ్ పదకొండేళ్ల వయస్సు దాకా చదవడం నేర్వలేకపోయాడు. 2008లో ఆయన కవితాసంపుటికి పులిట్జర్ బహుమతి లభించింది. తనకున్నది డిస్‌లెక్సియా అని ఆయనకు తెలిసింది 58వ ఏట, తన కుమారునికి నిర్ధారణ జరిగినప్పుడు. ఈ అనుభవాన్ని ఆయన 2011లో ఒక గ్రంథంగా వెలువరించాడు. అరవైకి చేరువైన వయస్సు దాకా ఒక మనిషి తనను తాను మందబుద్ధిగా భావించుకోవడంలో ఉన్న వేదనను బోధకులు గుర్తించవలసి ఉన్నది.

వరమన్న భ్రాంతి

కవికీ ఉన్మాదికీ సంబంధం ఉన్నదన్న భావన లోకంలో చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. నాన్సీ ఆండ్రియాసెన్ 1987లో అమెరికాలోని అయోవా రచయితల కార్యశాలకు చెందిన 30 మందిని పరిశీలించి, వారిలో 80 శాతం మందికి ఏదో ఒక దశలో భావోద్వేగ సంబంధమైన రుగ్మత ఉన్నట్లు తెలిపింది. పోల్చడానికి తీసుకొన్న 30 మందిలో ఇది 30 శాతం. పాత్రుల సంఖ్య స్వల్పం కావడం, పరిశీలకురాలికి ఎవరు రచయితలో ముందే తెలియడం ఈ అధ్యయనంలోని లోపాలు. స్వీడన్‌లో సైమన్ క్యాగా బృందం పది లక్షలకు పైగా రోగుల నమోదు వివరాలతో 2013లో ప్రకటించిన అధ్యయనంలో, సృజనాత్మక వృత్తులవారికి మొత్తంమీద మానసిక రుగ్మతలు అధికమని తేలలేదు. ద్విధ్రువ రుగ్మత ఒక్కటే ఇందుకు మినహాయింపు. రచయితలలో మాత్రం పలు రుగ్మతలు అధికంగా కనిపించాయి.

ఈ రుగ్మతలు నాడీభిన్నతతో సమానం కావు. అయినా రెండింటినీ కలగలిపి, బాధయే కవిత్వానికి మూలమనే భ్రాంతి వ్యాపించింది. ఈ భ్రాంతి వల్ల కలిగే నష్టం స్వల్పం కాదు. విద్యార్థి క్లేశాన్ని ప్రతిభాచిహ్నంగా భావించిన ఉపాధ్యాయుడు అతనికి అవసరమైన సాయం అందించడు. ప్రతిభ కనిపించని నాడీభిన్నుడు రెండు విధాల చిన్నబోతాడు. మాటలాడగలగడానికి, చదవగలగడానికి, తోటివారితో మెలగగలగడానికి కవిత్వం మూల్యం కానవసరం లేదు.

లేఖకుడు, పరీక్ష, న్యాయం

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన స్థితుల సంఖ్యను 7 నుండి 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు వాటిలో చేరాయి. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా రెండవ వర్గంలోనివి. ఏడీహెచ్‌డీకి ఆ జాబితాలో ప్రత్యేకస్థానం లేదు. అర్హులైనవారికి పరీక్షలో లేఖకుని సహాయం, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయం ఇవ్వాలని మార్గదర్శకాలు నిర్దేశించాయి. వైకల్యం 40 శాతం చేరలేదన్న కారణంతో రాయడంలో క్లేశం గల అభ్యర్థికి లేఖకుని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

సాహిత్య పరీక్షలో లేఖకుని సాయం విద్యాప్రమాణానికి తక్కువని భావించేవారు మహాభారతావతరణ కథను స్మరించవచ్చు. వ్యాసుడు చెప్పగా గణపతి రాశాడన్నది సంప్రదాయం. చెప్పినవాని కర్తృత్వానికి రాసినవాని వల్ల లోపం రాలేదు. శతావధాన సభలలో కూడా పద్యాలను లిఖించేవారు వేరే ఉంటారు. అవధాని కలం పట్టడు. నోటితో చెప్పిన పద్యానికి గౌరవమిచ్చే సంప్రదాయానికి వారసులైన కళాశాలలు, పరీక్షలో మాత్రం చేతివ్రాతకే పట్టం కట్టడం విచారింపదగిన విషయం.

దీని నుండి కొన్ని బోధనాంశాలు తేలుతున్నాయి. గణవిభజనను కాగితంపై మాత్రమే కాక, తాళంతోనూ చదివి వినిపించడంతోనూ పరీక్షించవచ్చు. స్వీయపద్యరచనను మౌఖికంగా స్వీకరించవచ్చు. కంఠస్థం చేయలేని విద్యార్థికి వ్యాఖ్యానంలోను, వ్యాఖ్యానం చేయలేని విద్యార్థికి కంఠపాఠంలోను అవకాశం కల్పించవచ్చు. గ్రంథాలయంలో ఒక నిశ్శబ్దపు మూల ఏర్పాటు చేయడానికి పెద్ద వ్యయం కాదు. వీటన్నిటికన్నా ముందు, 'జడుడు', 'మందమతి' అన్న మాటలను ఉపాధ్యాయుల గది నుండి తొలగించడం అవసరం. నిర్ధారణ వైద్యుల పని; అనుమానం కలిగినప్పుడు తల్లిదండ్రులకు మృదువుగా సూచించడం వరకే ఉపాధ్యాయుని అధికారం.

ఉపసంహారం

వామనుడు అవధానాన్ని కావ్యాంగంగా చెప్పి, దానికి దేశకాలాలు కారణమన్నాడు. రాజశేఖరుడు కవిని బట్టి కాలం మారుతుందన్నాడు. కుంతకుడు మార్గభేదానికి స్వభావభేదమే మూలమన్నాడు. తెలుగువారు అవధానానికి ఏకముఖత్వమే కాక అనేకముఖత్వం కూడా ఉన్నదని సభలో నిరూపించారు. ఈ నాలుగింటినీ కలిపి చదివితే, చిత్తవృత్తి ఎందరిలో ఎన్ని విధాలుగా ఉన్నా, కావ్యరచనకు అనర్హమైన స్వభావమంటూ ముందే నిర్ణయించడానికి వీలు లేదని స్పష్టమవుతుంది. స్వభావం విద్యార్థిది. దానికి తగిన వ్యుత్పత్త్యభ్యాసాలను, దేశకాలాలను సమకూర్చడం గురువు బాధ్యత. అమీర్‌పేట వసతిగృహంలో వేకువజామున పద్యం కట్టుకొంటున్న విద్యార్థి మరుసటి ఉదయం తరగతిలో తలవంచుకొని కూర్చొనడమో, తల ఎత్తి ఆ పద్యం చదవడమో చాలా వరకు ఆ బాధ్యతా నిర్వహణపైనే ఆధారపడి ఉన్నది.